మా అత్తకు వచ్చిన పెళ్లికల

నాకు టీబీ వచ్చి తగ్గింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇదే జబ్బుతో మంచంలో ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే, చివరిదాకా గుండె చిక్కబట్టుకొని కూర్చోనక్కరలేదు. నేను బతికే ఉన్నాను. నిన్న చేదతో నీళ్లు తోడాను. మా ఆయన చూసి కేకలేశాడు, నేనూ తిరిగి కేకలేశాను. అంటే ఊపిరి బాగానే ఆడుతున్నదన్నమాట.

రాయడానికి ఇంకో కారణం ఉంది. ఏ కల దేవుడు పంపింది, ఏది మనం కల్పించుకున్నది అని మా చర్చి సంఘంలో ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లున్నారు. ఒక కల వల్ల చావు వాకిలిదాకా పోయి వచ్చాను గనుక నాకు తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. నాకు తెలిసింది కొంచెమే. అది ఎలా తెలిసిందో చెబుతాను.

శనక్కాయలు పీకే కాలం

ఆ ఏడాది కొత్త రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని అయింది. అక్కడ కచేరీలు గుడారాల్లో నడుస్తున్నాయని చూసివచ్చినవాళ్లు కథలుగా చెప్పేవాళ్లు. మాది పెన్న ఒడ్డున, జమ్మలమడుగుకు ఇవతల చిన్న ఊరు. నేనూ మా ఆయనా మిషన్ బడిలో పంతుళ్లం. ఆయన పెద్ద పిల్లలకు, నేను అ ఆలు దిద్దే పిల్లలకు. మాకొక్కతే కూతురు రూతు. అప్పటికి దానికి మాటలన్నీ వచ్చాయి, ముక్కు తుడుచుకోవడమే రాలేదు. ఇంట్లో నాలుగో మనిషి మా అత్త సువార్తమ్మ.

దగ్గు మొదలైతే సుద్దముక్క పొడి అనుకున్నాను. పొలాల్లో శనక్కాయలు పీకుతున్నారు, ఊరంతా దుమ్ము, ఊరంతా దగ్గు. అందులో నా దగ్గును వేరుగా ఎవరు పట్టించుకుంటారు? ఒకరోజు బడిలో పాఠం చెబుతూ కొంగు అడ్డం పెట్టుకొని దగ్గాను. కొంగు మీద నెత్తురు. దాన్ని లోపలికి మడుచుకొని పాఠం పూర్తి చేశాను. పిల్లలు భయపడతారని కాదు, నేను భయపడతానని.

సాయంత్రం మా ఆయనకు చూపించాను. ఆయన చాలాసేపు కొంగునే చూసి, "రేపు బండి కట్టిస్తా" అన్నాడు. ఆ రోజుకు అంతే.

మిషన్ ఆస్పత్రి ముందు పొడవాటి నాపరాతి అరుగు ఉంటుంది. మా వంతు కోసం దాని మీద కూర్చున్నాం. అక్కడ ఎవరూ ఎవరి మొహమూ చూడరు గాని, పక్కవాళ్ల దగ్గు మాత్రం అందరూ వింటారు. జ్వరానికి నేను వణుకుతుంటే, ముక్కూ మొహమూ తెలియని రైతు ఒకాయన తన కంబళి తీసి నా ఒళ్లో పెట్టాడు.

"వద్దప్పా, నా జబ్బు అంటుతాది" అన్నాను.

"అంటితే అంటనీలేమ్మా, కంబళి పాతదే" అన్నాడు ఆయన.

ఎన్నో రోజుల తర్వాత నవ్వొచ్చింది. నవ్వితే మళ్లీ దగ్గొచ్చింది.

డాక్టరమ్మ చెవిగొట్టం తీసి మెడలో వేసుకొని నెమ్మదిగా చెప్పింది. దీనికిప్పుడు మంచి సూది మందు వచ్చింది, కానీ నెలల తరబడి వేసుకోవాలి. మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, తర్వాత ఏ మందుకూ లొంగదు. ఆ మాట మా ఆయనా విన్నాడు, నేనూ విన్నాను.

క్రిస్మస్‌కు ముందూ వెనకా

ఆడవాళ్ల వార్డులో నా పక్క మంచం ఖాసింబీది. కడప నుంచి వచ్చిన పెద్దావిడ. ఆమె మంచం కిటికీ పక్కన. నాకు లేచి కూర్చునే ఓపిక లేదు. మా అత్త రూతును బండి మీద తెచ్చేది, కానీ పిల్లను లోపలికి రానివ్వరు. అది బయట వేపచెట్టు కింద ఆడుకునేది. నాకు కనబడేది కాదు. ఖాసింబీ కిటికీలోంచి చూస్తూ నాకు చెప్పేది.

"ఎర్ర పావడ ఏసుకొనుండాది బేటీ. ఇప్పుడు కుక్కపిల్ల ఎనక పరిగెత్తుతాండాది. పడింది. ఏడవలా, లేచింది. ఈ పక్కకే చూస్తాండాది."

నేను కళ్లు మూసుకొని ఆమె చెప్పినదంతా చూసేదాన్ని. ఎవరి కూతురికోసం ఎవరు కళ్లు అరువిస్తారు చెప్పండి? ఆమె నాకేం బాకీ పడింది?

ఇక మా అత్త సంగతి చెప్పాలి. మా సంఘంలో ఆమెకు కలల సువార్తమ్మ అని పేరు. చర్చి బావి తవ్వేటప్పుడు ఎక్కడ గునపం వేసినా బండ తగిలిందట. "రేగిచెట్టు కింద తడి కలలో అగుపడె" అని ఈమె చెబితే అక్కడ తవ్వారు, నీళ్లు పడ్డాయి. అప్పటినుంచి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సాక్ష్యాలు అయిపోగానే సంఘపెద్ద, "ఈ వారం ఎవురికన్నా కల వచ్చెనా?" అని అడగడం ఆనవాయితీ అయింది. వచ్చినవాళ్లు చెబుతారు, మా అత్త అర్థం చెబుతుంది. ఏ పెళ్లి సంబంధం కలపాలన్నా, కొడుకును చదువుకు కర్నూలు పంపాలన్నా ఆమెను అడగకుండా చేయరు. చదువు రాని మనిషి, బైబిలు గ్రంథంలోని కలలన్నీ విని విని నోటికి పట్టుకుంది. ఆమె గొప్పదనాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆ బావి నీళ్లు నేనూ తాగినదాన్నే.

శ్రమదినాలు మొదలైనప్పుడు

ఈస్టరుకు ముందు మేం ఉపవాసాలుండే ఆ దినాల్లో, ఒళ్లు కొంచెం కుదుటపడుతున్నదని డాక్టరమ్మ అంటుండగా మా అత్తకు కల వచ్చింది.

నేను తెల్లకోక కట్టుకొని, తలనిండా పూలు పెట్టుకొని, చేతిలో పూలగుత్తితో చర్చిలోకి నడిచిపోతున్నానట. లోపల పెళ్లిపాట పాడుతున్నారట. ఆమె పిలిస్తే నేను వెనక్కి తిరిగి చూడలేదట.

కలలో పెళ్లి కనబడితే చావు కబురని మా ఊళ్లో రెడ్ల ఇళ్లలోనూ నమ్ముతారు, శెట్ల ఇళ్లలోనూ నమ్ముతారు. మావాళ్లు దానికి ఇంకొంచెం జోడించారు: పరలోకపు పెళ్లికుమారుడు పిలుస్తున్నాడు, ఎస్తేరమ్మ ధన్యురాలు. హిందువులూ క్రైస్తవులూ గొడవ లేకుండా ఒక్కమాట మీదికి వచ్చింది మా ఊళ్లో నాకు తెలిసి నా చావు విషయంలోనే.

మా అత్త ఏడ్చి ఏడ్చి ఒక నిర్ణయానికి వచ్చింది. పోయేది ఖాయమైనప్పుడు ఊరుగాని ఊళ్లో, వార్డులో దిక్కులేనిదానిలా పోగూడదు, ఇంట్లో బిడ్డను చూసుకుంటూ పోవాలి, మామగారి సమాధి పక్కన పడుకోవాలి. ఇదంతా ప్రేమేనండీ. అదే కష్టం. పగతో చేసుంటే ఎదురుతిరిగేదాన్ని.

మా ఆయన బండి తెచ్చాడు. డాక్టరమ్మ ఎంతో చెప్పి చూసింది. ఆయన తల వంచుకొని నిలబడ్డాడు.

"రూతు నాయనా, మందు ఆపకూడదని నువ్వూ వింటివి గదా" అన్నాను.

"మా అమ్మ కల యెప్పుడన్నా తప్పెనా?" అన్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నాకు ఒళ్లు మండింది. కానీ మండడానికైనా సత్తువ ఉండాలి. నిజం చెప్పాలంటే నాలోనూ సగం మనసు నమ్మింది. బావి కళ్ల ముందే ఉందాయె.

ఖాసింబీ మాత్రం నమ్మలేదు. "కల చూసి సూది నిలిపేది ఏం సోద్యమమ్మా" అని మా అత్తనే అడిగింది. నేను వెళ్తుంటే ఖాసింబీ తన బట్టల మూట తీసి నా మంచం మీద పెట్టింది. "ఈడ ఎవురినీ పండనీను. నువ్వు వస్తావు" అంది.

ఇంట్లో

వసారాలో మంచం వేశారు. మా అత్త నన్ను చూసుకున్నట్టు కన్నతల్లి కూడా చూసుకోదు. జొన్నసంకటి మెత్తగా పిసికి, కోడిపులుసులో ముంచి నోట్లో పెట్టేది. రూతును మాత్రం దూరంగానే ఉంచేది. అది స్తంభం పక్కన నిలబడి నాకు పాటలు వినిపించేది.

అప్పుడే ఊళ్లోవాళ్లు రావడం మొదలైంది. చూసి పోవడానికి కాదు, కబుర్లు అప్పజెప్పడానికి.

ముందు శాంతమ్మ వచ్చింది. ఆమె పెద్దకొడుకు కలరాలో పోయాడు. నా చెయ్యి పట్టుకొని, "మా పెద్దోడు కనపడితే వాని పలక నా దగ్గరే బద్రంగా ఉండాదని సెప్పమ్మా" అంది. తర్వాత ఇంకొకామె: "మా ఆయనకు సెప్పు, ఎర్రెద్దును అమ్మలేదని. అమ్మినానని కోపంగా ఉంటాడు." ఒక ముసలాయన చాలాసేపు కూర్చొని, పైగుడ్డ సర్దుకొని, చివరికి, "మా ఆడమనిషికి ఏం సెప్పాల్నో తెలీలేదు. ఊరికే నేనడిగినానని సెప్పు" అన్నాడు.

అందరికీ సరే, చెబుతానన్నాను. ఏమనాలి మరి? వాళ్లలో ఎవరికీ నేను పోవాలని లేదు. పోతున్నది గదా అని ఒక చిన్న పని చెప్పారు, అంతే. సంతకు పోతున్నవాళ్లతో ఉప్పు తెప్పించుకున్నట్టు. కానీ వాళ్లు లేచి వెళ్లాక కొంగు మొహాన కప్పుకునేదాన్ని. స్తంభం దగ్గర రూతు పాడుతూనే ఉండేది. నాకు చావంటే భయం. అది ఇక్కడ దాచడం ఎందుకు? పరలోకం ఉందని నమ్ముతాను, అయినా భయమే. అక్కడ రూతు లేదు గదా.

అయ్యగారు నాకు ప్రభుభోజన సంస్కారం ఇవ్వడానికి వచ్చారు. మా సర్కిల్లో ఊళ్లన్నీ సైకిలు మీద తిరిగే పాస్టరుగారు ఆయన. రొట్టె, రసం పుచ్చుకున్నాక అడిగాను, "అయ్యగారూ, కల దేవుడిదని ఎట్ల తెలుస్తాది?"

ఆయన కొంచెంసేపు ఆలోచించి, "గ్రంథంలో కలలు చూడు తల్లీ. కలగన్నవాడు లేచి ఏదో ఒక పని చేసినాడు. ఒకాయన బిడ్డను ఎత్తుకొని వేరే దేశం పోయి కాపాడుకున్నాడు. ఒకాయన కరువు రాకముందే ధాన్యం దాచిపెట్టించినాడు. మందు మాని పడుకోమని చెప్పిన కల నాకైతే అగుపడలేదు" అన్నారు.

మా అత్త తలుపు దగ్గరే ఉంది. "మరి రాజుగారికి రొట్టెలు చేసేవానికి వచ్చిన కలో? అది సావు కలే గదా అయ్యగారూ" అంది.

అయ్యగారు ఆమె వైపు తిరిగారు. "నిజమే. కానీ దానికి అర్థం చెప్పినాయనకు దేవుడు తెలియజేసినాడు. మనకు తెలియజేసినాడని మనకెట్ల తెలుసు, సువార్తమ్మా?" అన్నారు.

ఆయనకూ పూర్తిగా తెలియదని అప్పుడు అర్థమైంది. తెలియదని ఒప్పుకున్నందుకే ఆయన మాట నాకు ఊరట ఇచ్చింది. మా అత్త మాత్రం పెదవి బిగించి వంటింట్లోకి వెళ్లింది.

మట్టల ఆదివారానికి ముందు వారం

ఈస్టరు దగ్గరపడింది, ఎండ ముదిరింది. మధ్యాహ్నం అన్నం తిని కన్నుమూస్తే నాకొక కల వచ్చింది.

దూతలు లేరు, వెలుగు లేదు. మా వాకిట్లో కూర్చొని రూతుకు జడ వేస్తున్నాను. అది పెద్దదైంది, జడ నా పిడికిట్లో పట్టడం లేదు. బడికి పొద్దెక్కింది. కదలకుండా కూర్చోవే అని నెత్తిన మొట్టాను. అది మూతి తిప్పింది. అంతే కల. లేచేసరికి చెంపలు తడిసి ఉన్నాయి. విపరీతమైన ఆకలి వేసింది. జొన్నరొట్టె, శనక్కాయల ఊరిబిండి పచ్చడి తినాలనిపించింది. మనిషిని బతకాలనే కోరిక అంత గట్టిగా పట్టుకుంటుందని నాకు అంతవరకు తెలియదు.

ఇది చెప్పుకోదగ్గ కలేనా అని సిగ్గుపడ్డాను. అయినా మా అత్త రొట్టె తెచ్చినప్పుడు చెప్పేశాను. ఆమె వెంటనే కలల సువార్తమ్మ అయిపోయింది. రొట్టె పళ్లెం కింద పెట్టి, విచారణ మొదలుపెట్టింది.

"నీ చెయ్యి యట్లుండె? ఇట్ల సన్నంగానా?"

"లేదత్తా. బొద్దుగానే ఉండె. గాజులు బిగుతుగా ఉండె."

"పాపకు ఎన్నేండ్లుంటాయి?"

"పెద్ద తరగతులకు పోయే ఈడు."

ఆమె పళ్లెం పక్కకు జరిపింది. "నేను యాడుంటి?"

నేను కల గుర్తుచేసుకున్నాను. వాకిట్లో మేమిద్దరమే. వంటింట్లో చప్పుడు లేదు. ఆమె మంచం ఉండే మూల ఖాళీగా ఉంది. అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు.

"నువ్వు లేవత్తా."

ఆమె మొహం చూడడానికి నాకు భయమేసింది. కానీ ఆమె ఏడవలేదు. చిన్నగా తల ఊపింది, ఏదో లెక్క సరిపోయినట్టు.

"అట్లయితే సరిగ్గానే ఉండాది" అంది. "ముందు నేను పోవాల, ఎనక నువ్వుండాల. నేను దాన్నే తిరగేసుకొని సూస్తాంటి." నా నెత్తి నిమిరి, "రొట్టె తిను, సల్లారిపోతాది" అంది.

తిన్నాను. ఇంకోటి పెట్టమంటే పెట్టింది.

మా ఇల్లు చర్చి గోడను ఆనుకొనే ఉంటుంది. శుక్రవారం ప్రార్థన అంతా నా మంచానికి వినబడుతుంది. సంఘపెద్ద ఎప్పటిలాగే, "ఎవురికన్నా కల వచ్చెనా?" అని అడిగాడు. మా అత్త గొంతు వినబడింది.

"నాకు పెళ్లికల వచ్చింది నిజమే. దాన్ని దేవుడు పంపినాడని చెప్పింది మాత్రం నేను. దేవుడు చెప్పలా. కోడలు పోతాదేమోనని పగలంతా భయపడితిని. కండ్లు మూస్తే ఆ భయమే తెల్లకోక కట్టుకొని వచ్చె. నా మాట నమ్మి మీరందరూ ఆ పిల్లకు వీడ్కోలు చెప్పినారు. నాది తప్పు. క్షమించమని ప్రార్థన చేయండి."

ఆ సంఘంలో ఆమెకు ఉన్న పరువంతా కలలదే. పొలం లేదు, చదువు లేదు, ఉన్నదదే. దాన్ని అందరి ముందూ నా కోసం వదులుకుంది. నేను దుప్పటి నోట్లో కుక్కుకొని ఏడ్చాను.

తెల్లారి బండి కట్టారు. ఈసారి మా అత్తే నా పక్కన కూర్చుంది, నా తల ఒళ్లో పెట్టుకొని. ఊరు దాటాక, "వాళ్లు నీకు ఏమేం చెప్పిరో అన్నీ నాకు చెప్పు" అంది.

"ఎవురత్తా?"

"పలక సంగతి, ఎద్దు సంగతి. అది నువ్వు మోయాల్సిన మూట కాదు. నేను మోసకపోతా, నిదానంగా."

ఒక్కొక్కటే చెప్పాను. ఆమె ఒక్కొక్కటే తిరిగి అప్పజెప్పింది. ముసలాయన కబురు దగ్గర, "ఊరికే అడిగినానని సెప్పల్ల, అంతేనా?" అని మళ్లీ అడిగి రూఢి చేసుకుంది. బండి తోలుతున్న మా ఆయన వెనక్కి తిరగలేదు గాని భుజాలు కదులుతున్నాయి.

మళ్లీ ఆస్పత్రిలో

డాక్టరమ్మ తిట్టింది. తిట్టాల్సిందే. జబ్బు కొంచెం ముదిరిందని, ఇంకా ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదని చెప్పింది. మొదట వేసినదానికంటే ఎక్కువకాలం సూదులు వేయించుకున్నాను. ఖాసింబీ నా మంచం మీది మూట తీసి తన తలకింద పెట్టుకొని, అటు తిరిగి పడుకుంది. నర్సమ్మలు ఆ మూటను చూసీ చూడనట్టు ఊరుకున్నారట.

పడుకొని ఉన్నవాళ్లకు బోలెడంత తీరిక. కలల గురించి అక్కడే ఆలోచించాను. దేవుడు కలలో మాట్లాడతాడని నేను ఇప్పటికీ నమ్ముతాను. మేలుకొని ఉంటే నా నోరు ఆయన్ను మాట్లాడనివ్వదు గదా, అందుకని నిద్రపోయేదాకా ఆగుతాడేమో. కానీ మన భయమూ, మన ఆశా కూడా ఆ వేళకే వస్తాయి. నా కల దేవుడిదేనని ఒట్టుపెట్టి చెప్పలేను. ఆకలి వల్ల వచ్చిందేమో, బిడ్డ మీద బెంగ వల్ల వచ్చిందేమో. అయితే ఆకలినీ బెంగనూ నాలో పెట్టింది ఎవరు?

ఒక్కటి మాత్రం అడిగినవాళ్లకు చెబుతున్నాను. మీకు కల వస్తే, దాన్ని పట్టుకొని ముందు మీరేం చేయాలో చూసుకోండి. పక్కవాళ్ల బతుకు మీద తీర్పుగా చెప్పకండి. మంచంలో ఉన్నవాళ్లకు కలను చెప్పాల్సి వస్తే, వాళ్ల ఎదురుగా కూర్చొని, వాళ్ల కలను కూడా అడగండి. మందు మాత్రం ఎవరి కల కోసమూ ఆపకండి. ఇది నేను తిట్టుగానే చెబుతున్నాను.

వానలు పడ్డాక

ఇక నీ జబ్బు ఎవరికీ అంటదు, బిడ్డను ఎత్తుకోవచ్చు అని డాక్టరమ్మ చెప్పిన రోజు ఆమె చేతులు పట్టుకొని కళ్లకద్దుకున్నాను. ఆమె ఇబ్బందిపడి చేతులు వెనక్కి తీసుకుంది.

బండి మా ఇంటి ముందు ఆగింది. మా ఆయన నన్ను చెయ్యిపట్టి దించాడు. వాకిట్లో మా అత్త నిలబడి ఉంది. రూతు ఆమె కోక పట్టుకొని సగం వెనక దాక్కుంది. నేను చేతులు చాచాను. అది రాలేదు. అన్ని నెలలు దూరంగా ఉండమని నేర్పిన పిల్ల. నేర్పింది మేమే, దాన్ని ఏమనగలం? నన్ను చూసింది, వాళ్ల అవ్వను చూసింది, మళ్లీ నన్ను చూసింది.

"నేను దగ్గరికి పోతే అమ్మ మళ్లా ఆస్పత్రికి పోతాదా అవ్వా?" అని అడిగింది.

మా అత్త వంగి, కోకను దాని గుప్పిట్లోంచి మెల్లగా విడిపించింది.

"పో తల్లీ" అంది. "మీ అమ్మ ఉంటాది."